కదలని నీటిగీత

మునిరామయ్యకు చూపు పోతున్న సంగతి పవర్‌హౌసులో తాయమ్మకు ఒక్కదానికే తెలుసు.

చిత్తూరు ఊరిబయట, నీవా ఏటికి ఎగువన ఉండేది ఆ పవర్‌హౌసు. ఇరవై రెండేళ్లుగా మునిరామయ్య అక్కడ బాయిలరు కింద నిప్పు చూసేవాడు. తాయమ్మ బూడిద ఎత్తేది. పొయ్యి తలుపు తెరిచినప్పుడల్లా ఆ తెల్లటి మంటలోకి చూసి చూసి ఆయన కళ్లలో మబ్బు దిగింది. మొదట కుడికన్ను, పోయిన ఉగాదికి ఎడమకన్ను. మనిషి మొహం మజ్జిగలో ముంచి తీసినట్టు కనిపించేది. చూపు లేనివాడికి బాయిలరు అప్పగించరు. బాయిలరు తప్ప ఆయనకు వేరే పని రాదు. అందుకని నోరు మూసుకున్నాడు.

తాయమ్మకు ఎట్లా తెలిసిందంటే, ఒకనాడు బొగ్గు కుప్పనుకుని ఆమె బూడిదగంపలో పార పెట్టాడు.

"ఏందన్నా, బూడిదను మళ్లా కాలస్తావా?"

"బాగా కాలిందో లేదో సూస్తాండా."

"సూసేదానికి కండ్లుండల్ల గదా!"

నవ్వుతూ అన్నమాటే. ఆయన మొహం చూసి నవ్వు ఆపేసింది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

చూపు లేకుండా బాయిలరు ఎట్లా నడిపాడంటే, చెవులతో నడిపాడు. బాయిలరు ముందు మూరెడు పొడవు గాజు గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని నీళ్ల అద్దం అనేవారు. బాయిలరు కడుపులో నీళ్లెంతున్నాయో అందులో కనిపిస్తుంది. సగానికి ఉంటే క్షేమం. అడుగంటితే లోపలి ఇనుపరేకులు ఎర్రగా కాలిపోతాయి. అద్దం పక్కనే ఒకదాని కింద ఒకటి మూడు ఇత్తడి కొళాయిలు. నడిమిది తిప్పితే, నీళ్లుంటే చిమ్ముతూ ఉమ్మినట్టు వస్తుంది. ఉత్త ఆవిరైతే పొడిగా ఈల వేస్తుంది. గంటకు నాలుగుసార్లు మునిరామయ్య ఆ కొళాయిలు తిప్పి వినేవాడు. సూపర్‌వైజరు ప్రేమానందం అది చూసి, పెద్దాయన జాగ్రత్త అనుకునేవాడు. "ఆయన్ని సూసి నేర్చుకోండప్పా" అని మిగతావాళ్లకు చెప్పేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా మునిరామయ్య తల వంచుకునేవాడు.

యుద్ధం మొదలైనప్పటి నుంచి మంచి బొగ్గంతా రైళ్లకు పోయేది. ఈ పొయ్యికి వచ్చే రాకాసి బొగ్గు సగం రాయి, సగం మన్ను. రెండింతలు ఎగదోస్తేగాని ఆవిరి నిలిచేది కాదు. సాయంత్రానికి ఆయన భుజాలు తనవి కానట్టుండేవి.

"ఇంత బొగ్గు మింగి ఇది మనకు పెట్టేదేందన్నా?" అని ఒకసారి తాయమ్మ అడిగింది.

మాట్లాడే మనిషి కాదాయన. ఆ పొద్దు ఎందుకో మాట్లాడాడు.

"నిప్పు నీళ్లను తరుముతాది. నీళ్లు ఆవిరై పరిగెత్తుతాయి. పోయే దోవలో చక్రం, దానికి రెక్కలు. రెక్కల్ని తోసుకుంటా పోతాది ఆవిరి. చక్రం తిరిగితే దాని ఇరుసుకే తగిలించిన డైనమో తిరుగుతాది. ఆడ పుడతాది కరెంటు."

"తోసేసి ఆవిరి యాడికి పోతాది?"

"సన్నీళ్ల గొట్టాల మీద పడి మళ్లా నీళ్లైతాది. తొట్లోకి దిగుతాది. పంపు దాన్ని మళ్లా బాయిలర్లోకే తోస్తాది."

"అవే నీళ్లా?"

"అవే."

"పాపం, వాటికీ సెలవు లేదు" అంది తాయమ్మ గంప నెత్తికెత్తుకుంటూ. మునిరామయ్య నవ్వలేదు. కానీ ఆ మాట ఆయన్ని వదల్లేదు.

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. ఏడాదికి ఒక్క పగలు మిషన్లన్నీ నిలిపేసేది ఆ రోజే. తుడిచి, కడిగి, గంధం కుంకుమ పెట్టారు. పారలకు కూడా బొట్లు పెట్టారు. మిషను నడిపే కుప్పుస్వామి లావుపాటి బంతిపూల దండ తెచ్చి నీళ్లతొట్టి మీది పంపు గొట్టానికి వేలాడదీశాడు.

"పంపు కూడా పెండ్లికొడుకేనబ్బా, దానికి మాత్రం ఏం తక్కువ!"

బాయిలరుకు విభూతి పూసేది అందరికంటే పెద్దవాడు. మునిరామయ్య మూడు వేళ్లు తడి విభూతిలో అద్ది, బాయిలరు మొహాన ఈ కొస నుంచి ఆ కొసకు లాగాడు. ఎక్కడెక్కడ పడిందో ఆయన వేళ్లకే తెలియాలి. అందరూ దండం పెట్టుకుని మరమరాలు బెల్లం తిన్నారు.

మూడు గంటలకు నిప్పు ఎగదోశారు. చీకటి పడే వేళకు చక్రం తిరిగింది, ఊళ్లో దీపాలు వెలిగాయి. మునిరామయ్య చెమట తుడుచుకుని అలవాటు కొద్దీ అద్దం వైపు చూశాడు.

సరిగ్గా సగంలో తెల్లటి గీత.

కుడికన్ను మూసి చూశాడు. ఎడమకన్ను మూసి చూశాడు. గీత ఉంది. ఆయన గుండె నిండిపోయింది.

"తాయమ్మా, ఈపొద్దు నాకు నీళ్లు కనపడతాండాయి."

"నిజమా అన్నా?"

"సగానికి ఉండాయి. గీత గీసినట్టుండాది."

"అమ్మోరు సల్లగా సూసింది. నేను మొక్కుకోనుంటిని లే" అంది. ఆమె కళ్లు తుడుచుకుంది గాని అది ఆయనకు కనిపించలేదు.

ఆ పూట ఆయన కొళాయిలు తిప్పలేదు. చూపున్నవాడు ఎందుకు తిప్పుతాడు? పారెత్తాడు, వేశాడు. భుజాల నొప్పి కూడా కొంచెం తగ్గినట్టే ఉంది. మళ్లీ చూశాడు, గీత సగంలోనే ఉంది. ఇంకో పది పారలు వేసి మళ్లీ చూశాడు. సగంలోనే.

చెయ్యి ఆగిపోయింది.

నిప్పు మీది నీళ్లు నిలకడగా ఉండవు. నిద్రపోయే బిడ్డ కడుపు మాదిరి అద్దంలో వేలెడు పైకి, వేలెడు కిందికి ఊగుతూనే ఉంటాయి. ఈ గీత ఊగడం లేదు.

నడిమి కొళాయి తిప్పాడు. పొడి ఈల. అడుగు కొళాయి తిప్పాడు. అదీ ఈలే. వేలు తడి చేసి గాజు మీద రాశాడు. గీత వేలికి అంటుకుని వచ్చింది. విభూతి. పొద్దున పూసేటప్పుడు తన వేళ్లలో ఒకటి గాజుకు తగిలి గీసిందే.

బాయిలర్లోకి నీళ్లు వదిలే వాల్వును తడిమి మూసేశాడు.

"ఆవిరి దిగిపోతాండాది, నిద్రపోతాండావా అన్నా?" అంటూ కుప్పుస్వామి వచ్చాడు.

"నీళ్లు లేవప్పా."

కుప్పుస్వామి పంపు దగ్గరికి పరిగెత్తాడు. పంపు ఆడుతూనే ఉంది, ఉత్తగా ఆడుతోంది. దండలోంచి రాలిన బంతిరేకులు తొట్లో పడి, పంపు నోటి దగ్గరి జల్లెడకు ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి. రెండు చేతులా పెరికేశాడు.

"తీసేసినా! పంపు పట్టింది! వాల్వు తిప్పన్నా, బిన్నా తిప్పు!"

వాల్వు మునిరామయ్య చేతికిందే ఉంది. తిప్పితే పావుగంటలో నీళ్లు సగానికి ఎక్కుతాయి. దీపాలు ఆరవు. ప్రేమానందానికి తెలియదు. రేపు ఎప్పటిలాగే కొళాయిలు వింటూ బతకవచ్చు.

కానీ లోపలి రేకు ఎర్రబడి ఉంటే, దాని మీద నీళ్లు పడిన క్షణం బాయిలరు పగిలిపోతుంది. తనూ ఉండడు, కుప్పుస్వామీ ఉండడు, గంప పట్టుకుని నిలబడిన తాయమ్మా ఉండదు. ఎర్రబడిందో లేదో పొయ్యిలోకి తొంగి చూస్తే తెలుస్తుంది. తొంగి చూశాడు. ఆయనకు అంతా తెల్లగానే ఉంది.

"తిప్పవేందప్పా!"

"రేకు ఎర్రబడిందో లేదో నాకు కనపడలా" అన్నాడు మునిరామయ్య. "నాకు కండ్లు లేవు కుప్పుస్వామీ. నిప్పు లాగేస్తాండా."

"పండగ పూట ఊరంతా సీకటి సేస్తావా? నీకేమన్నా పిచ్చా!"

మునిరామయ్య వాల్వు ఇంకా బిగించి, కొంకి కడ్డీ అందుకుని మండే బొగ్గును నేలమీదికి లాగడం మొదలుపెట్టాడు. తాయమ్మ ఎవరూ చెప్పకుండానే గంపలకొద్దీ బూడిద తెచ్చి దానిమీద కుమ్మరించింది. కాసేపటికి కుప్పుస్వామి కూడా తిట్టుకుంటూనే రెండో కడ్డీ పట్టాడు. తలపైన దీపం ఎర్రబడి, లోపలి తీగ దారమంత వెలిగి, ఆరిపోయింది. ఊళ్లోంచి 'ఓ' అని అరుపు వినిపించింది.

ప్రేమానందం లాంతరు పట్టుకుని వచ్చాడు. పొయ్యి తలుపులోంచి తల పెట్టి చాలాసేపు చూశాడు. వెనక్కి వచ్చి లాంతరు నేలమీద పెట్టాడు.

"పైరేకు రెండు జానల మేర ఇంకా ఎర్రగానే ఉండాది. నీళ్లు పెట్టుంటే..."

కుప్పుస్వామి ఉన్నచోటే కూలబడ్డాడు.

"అద్దం సూసింది ఎవురు?" అని అడిగాడు ప్రేమానందం.

"పూజలో ఎవురో అద్దానికి విభూతి పూసినారయ్యా" అంది తాయమ్మ గబగబా. "మనిషి తప్పు గాదు."

"పూలు ఏలాడగట్టింది నేను" అన్నాడు కుప్పుస్వామి నేల చూస్తూ.

"నువ్వు గమ్మునుండు తాయమ్మా" అన్నాడు మునిరామయ్య. "పూసింది నేనే అయ్యా. యాడ పూసినానో సూసుకోలేదు. ఉగాది నుంచి నాకు సూపు లేదు."

ప్రేమానందం లాంతరు ఆయన మొహానికి ఎత్తాడు. రెండు నల్లగుడ్ల మీదా పాలమీగడ కట్టినట్టుంది.

"మరి ఇన్నాళ్లూ ఎట్ల నడిపినావు?"

"ఇనుకుంటా."

లాంతరు కిందికి దిగింది.

"రేపటి నుంచి బాయిలరు దగ్గరికి రావద్దు మునిరామయ్యా" అన్నాడు ప్రేమానందం మెల్లగా.

"సరేనయ్యా."

ఏడుపు వస్తుందనుకున్నాడు. రాలేదు. భుజాలు నొప్పిగా ఉన్నాయి, అంతే. కడ్డీ గోడకు ఆనించి బొగ్గుకుప్ప పక్కన కూర్చున్నాడు. లోపల చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. తోసేవాళ్లు లేకపోయినా అంత తొందరగా ఆగదది. సన్నగా గుంయ్‌మంటోంది.

"లెయ్యన్నా, ఇంటికి పోదాం" అంది తాయమ్మ.

"ఉండు. అది నిలబడనీ."

ఇద్దరూ ఆ చీకట్లో విన్నారు. మోత పలచబడి, పలచబడి, తెగిపోయింది. అప్పుడు మునిరామయ్య లేచి, ఆమె ఉన్న వైపు చెయ్యి చాచాడు. దోవ చూపమని ఆయన ఒకరిని అడగడం అదే మొదలు.