ఐదో భాగం

మా ఆయన పళ్ల డాక్టరు. పేషెంటు నోట్లో దూది కుక్కాక, ఇక ఎదురు చెప్పేవాళ్లు లేరని ధైర్యం వచ్చి, తను పిచ్చిగా చూసే గూఢచారి సినిమాల గురించి మొదలుపెడతాడు. వాటి పాతిక భాగాల్లోకీ జనం ఎక్కువగా తిట్టిపోసే ఐదో భాగమంటే ఆయనకు ప్రాణం. దాని మీద ఈగ వాలనివ్వడు. పక్కన నిలబడి పనిముట్లు అందించే నాకు ఒళ్లు మండిపోతుంది. సవతి ఉన్నా ఇంత కుళ్లుకునేదాన్ని కాదేమో.

ఇవాళ కుర్చీలో మా ఆడపడుచు ఉంది.

"నిదానంగా సాగితే తప్పేంటే? ఆ నిండుతనం ఎవరికీ పట్టదు. చివర్లో హీరో ఏడ్చాడని నవ్వుతారా? మనసుంది కాబట్టి ఏడ్చాడు!" అంటున్నాడు ఆయన.

ఆమె దూది ఊసేసి, "సినిమా సంగతి సరే అన్నయ్యా, వదిన నిదానంతోనే చచ్చిపోతున్నాం. ఆ చిన్న అద్దం అందించేసరికి తెల్లారుతుంది. ఏమన్నా అంటే ఏడుపు!" అంది.

"దాని తీరే అంత" అని నవ్వాడు మా ఆయన.

నేను అద్దాన్ని ట్రేలో పెట్టేశాను.

"ఏమండీ, నన్నూ ఐదో భాగమే అనుకుని ఒక్కసారి వెనకేసుకురాకూడదూ?" అన్నాను.

ఆయన నోట్లో దూది లేదు. అయినా మాట రాలేదు.