జానెడు దూరం

ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల మాట. బెల్లంపల్లిల కుస్తీ, కర్రసాము నేర్పే బుచ్చిరాములు ఉస్తాదు తాలీంకు ఒక ఆడిమనిషి పోయి "నాకు విద్య నేర్పు" అని అడిగిందంటె గప్పుడూ ఎవ్వలు నమ్మలే, ఇప్పుడూ నమ్మరు. నమ్మకుంటె మానె. జరిగిందైతె జరిగింది.

ఆమె పేరు బాలలక్ష్మి. ఇరవై నాలుగేండ్లుంటయి. బొగ్గుబాయి మీద, పైకొచ్చిన బొగ్గులకెళ్లి రాళ్లేరే పని. పొద్దుగాల పోతె మాపటికి ఇల్లు చేరుడు. ఇంట్ల అత్త రామవ్వ తప్ప ఇంకొకలు లేరు. పెనిమిటి ఉన్నడా అంటె లేడు. లేడా అంటె, ఆ మాట ఇంట్ల ఎవ్వలు అనలే.

రెండేండ్ల కింద పాత బాయిల నిప్పు లేసింది. నలుగురు లోపల్నే ఉండిపోయిండ్రు. గాలి తగిలితె మంట ఇంకింత పెరుగుతదని మూడోనాడు బాయి మూతికి ఇటుకల గోడ కట్టిండ్రు. ఆ నలుగురిల బాలలక్ష్మి పెనిమిటి ఒకడు. శవం రాలే. శవం లేదు గనుక దహనం లేదు, దినాలు లేవు. రామవ్వ కోడలి గాజులు తియ్యనియ్యలే. "నా కొడుకును నేను కండ్లతోని చూడలే, నీ గాజులెట్ల తీస్త?" అని మొండికేసింది. ముత్తైదువలు బాలలక్ష్మిని పేరంటానికి పిలువరు, మొగడు సచ్చినోళ్లు తమల కలుపుకోరు. గట్ల నడిమిట్ల ఉండిపోయింది.

గోడ కట్టేముందు అందరు బాయి మూతికాడ నిలవడి లోపలికి పేర్లు పెట్టి పిలిచిండ్రు. తల్లులు పిలిచిండ్రు, అన్నదమ్ములు పిలిచిండ్రు. "మల్లూ, ఓ రాయమల్లూ" అని పిలిచి పిలిచి రామవ్వకు గొంతు పోయింది. బాలలక్ష్మి మాత్రం కొంగు నోట్లె కుక్కుకొని నిలవడ్డది. పెండ్లాము మొగని పేరు పలుకొద్దు గద! పలికితె ఆయన ఆయుష్షు తగ్గుతదని చిన్నప్పటిసంది చెప్పిన మాట. ఆఖరి ఇటుక పెట్టేదాక ఆమె నోరు తెరువలే. ఆ సంగతి తర్వాత అందరు మరిచిపోయిండ్రు, ఆమె ఒక్కతి తప్ప.

ఇగ లక్ష్మీరాజం సంగతి. రాళ్లేరే ఆడోళ్ల మీద మేస్త్రి. వానలు లేకున్నా చేతిల గొడుగు, నోట్లె పాను, నూనె కారే నెత్తి. సైరన్ కూసినంక బాలలక్ష్మి ఇంటికి పోయే తొవ్వ పాత బాయి ముందటికెళ్లి ఉండె. ఆ తొవ్వల మనుషులు తిరుగుడు ఎన్నడో బందువెట్టిండ్రు. మేస్త్రికి గంతే కావాలె. గొడుగు ఊపుకుంట ఎనుకనే వచ్చేటోడు.

"మొగడు ఉన్నడని గాజులేసుకుంటివి, లేడని పనికొస్తివి. ఏదో ఒకటి తేల్చుకో బాలలక్ష్మీ" అని నవ్వేటోడు, పాడువడ్డ నవ్వు.

ఎవలకు చెప్పాలె? పనిల పెట్టేది వాడే, తీసేసేది వాడే. పెద్దపల్లిల తమ్ముడున్నడు, పోతె ఇంత గంజి పోస్తడు. మరి రామవ్వ? ఆ ముసల్ది దినాం గోడ దాక పోయి, దాన్ని చెయ్యితోని తడిమి వచ్చేది. ఆమెను ఇడిసి ఎట్ల పోతది? ఉంటె ఆ తొవ్వల నడువాలె. నడువాలంటె వానికి భయపడొద్దు. గందుకే ఒకనాడు తెల్లారంగనే తాలీంకు పోయింది.

తాలీం అంటె ఏమున్నది, రేకుల కొట్టం, నడుమ ఎర్రమట్టి గొయ్యి, గోడకు ఆంజనేయస్వామి పటం. బుచ్చిరాములు ఉస్తాదు అరవై దాటినోడు. ఆమె మాట విని చానాసేపు మీసం దువ్వుకున్నడు. నవ్వుతడేమో అనుకున్నది. నవ్వలే.

"గొయ్యిల ఆడోళ్లు దిగొద్దు బిడ్డా, ఆచారం. బయట వాకిట్ల నేర్పుత. మరి ఏం నేర్సుకుంటవ్? కుస్తీ ఉన్నది, కత్తి ఉన్నది, కర్ర ఉన్నది."

"నాకేం తెలుసు ఉస్తాద్, నువ్వే చెప్పు."

"కుస్తీ అంటె వాని మీద పడాలె, వాని చెమట నీకంటాలె. ఆ కర్మ నీకెందుకు? కత్తి చిన్నగుంటది, కొంగుల దాసుకోవచ్చు. గాని కత్తికి ఆగుడు తెల్వది, ఎల్లిందంటె నెత్తురు చూసినంకనే మళ్ల ఒరలకు పోతది. కర్ర వేరు. కర్ర ఆగుతది. నా దగ్గర నేర్సినోడు ఎంత కోపంల కొట్టినా ఎదుటోని నెత్తికి జానెడు దూరంల కర్ర ఆపాలె. కొట్టుడుకేంది, గాడిద సుత తంతది. ఆపుడే విద్య."

"కర్రే నేర్పు" అన్నది బాలలక్ష్మి.

గోడకు వరుసగ కర్రలు ఆనిచ్చి ఉన్నయి. ఒక్కో శిష్యునిది ఒక్కో కర్ర. ఎవడన్న సస్తె వాని కర్ర వానితోనే చితి మీద పెట్టుడు తాలీం రివాజు. ఆ వరుసల ఆఖరిది, మూలకున్నది, కొనకు ఎర్రదారం చుట్టింది. బాలలక్ష్మి గుర్తువట్టింది. ఆ దారం ఆమె రవికెకు కుట్టంగ మిగిలితె పెనిమిటి తెచ్చి చుట్టుకున్నది.

"గది వద్దు" అన్నడు ఉస్తాదు.

"గదే కావాలె."

"నా మాటిను. వానికి చితి లేదాయె, నేను దాన్ని ఎక్కడ కాలవెట్టాలె? తీసి పారెయ్య చేతులు రాలే. శనివారం శనివారం అన్ని కర్రలకు నూనె పెడ్త, దానికి పెట్ట. చూడు మరి."

చూసింది. రెండేండ్లసంది నూనె ముట్టని కర్ర నిగనిగ మెరుస్తున్నది. ఉస్తాదు మూతి తుడుచుకున్నడు. బాలలక్ష్మి దాన్ని చేతిలకు తీసుకున్నది. వెచ్చగ ఉన్నది, ఇప్పుడే ఎవలో పట్టుకొని ఇడిసినట్టు.

మొదటి వారం అడుగులు నేర్పిండు. ఎడమ, కుడి, తిరుగుడు. రెండో వారం ఉస్తాదు పీట మీద కూసోని చాయ తాగుతుండు, బాలలక్ష్మి వాకిట్ల అడుగులేస్తున్నది. కర్ర గాలిల గిర్రున తిరిగి, ఎనుకకు పోయి, భుజం మీదికెళ్లి ముందుకొచ్చింది. ఉస్తాదు చేతిల గిలాస ఆగిపోయింది.

"ఆ తిప్పుడు వరుస నీకు ఎవలు నేర్పిండ్రు?"

"నువ్వే గద?"

"నేను నేర్పలే. అది ఆరునెల్లు దాటినంక నేర్పే పాఠం."

ఇంకోటి సుత చూసిండు గాని ఆనాడు చెప్పలే. కర్ర దింపేటప్పుడు ఆమె ఎడమకాలి మడిమె పైకి లేస్తున్నది. బాయిల బొగ్గు మోసే చక్రాల డబ్బా ఆ కాలివేలు మీదెక్కినకాడికెళ్లి రాయమల్లు గట్లనే మడిమె లేపేటోడు. ఉస్తాదు ఎంత తిట్టినా ఆ అలవాటు పోలే.

బాలలక్ష్మికి తెల్వదా? తెలుసు. ఇంటికి పోయి చేతులు కడుక్కుంటె నీళ్లు నల్లగయ్యేటియి, ఆదివారం పని లేనినాడు సుత. ఎంట తెచ్చుకున్న కర్ర మాపటికి వెచ్చవడేది, సరిగ్గ రాత్రి షిఫ్టుకు ఆయన ఇంట్లకెళ్లి ఎల్లే యాళ్లకు. భయమైతుండెనా? అయితుండె. గాని ఇడువబుద్ధి కాలే. రెండేండ్ల తర్వాత ఆమె పక్కన ఒకలు ఉన్నట్టయింది. ఆ సంతోషం ఎవలకు చెప్పుకుంటది?

నెల దాటినంక ఉస్తాదు తనే ఒక కర్ర పట్టుకొని ఎదురుంగ నిలవడ్డడు. "కొట్టు. నా చెవు కాడ జానెడు దూరంల ఆపు" అన్నడు.

కొట్టింది. కర్ర ఆగలే. ఉస్తాదు పక్కకు జరిగిండు గనుక భుజం మీద పడ్డది, లేకుంటె నెత్తి పలిగేది. ముసలాయన కింద కూలవడ్డడు.

"నేను ఆపిన ఉస్తాద్! నీ కాళ్లు మొక్కుత, నేను ఆపిన. చెయ్యి ఆగింది, కర్ర ఆగలే" అని ఏడువొచ్చినట్టు అన్నది బాలలక్ష్మి.

ఉస్తాదు భుజం ఒత్తుకుంట లేసి కూసున్నడు. మెల్లగ చెప్పిండు. "నాకు ఎరికే. రాయమల్లుకు అన్ని నేర్పిన, ఆపుడు ఒక్కటి నేర్పలే. వచ్చే నెల నేర్పుతననుకున్న. ఆ నెల రాలే. గిప్పుడు నువ్వు దాంతోని మేస్త్రి ముందట నిలవడ్డవనుకో, వాడు సస్తడు. నిన్ను జేలుల ఏస్తరు. ఆ ముసల్ది గోడ పట్టుకొని ఒక్కతే సస్తది. ఇడిసిపెట్టు బిడ్డా. రేపు కొత్త కర్ర కోసిస్త, మొదటికెళ్లి మొదలువెడుదాం."

"రేపు ఇస్త" అన్నది. ఆ ఒక్కనాడు ఉంచుకుంటనన్నది. గదే ఆమె చేసిన తప్పు.

ఆనాడు మాపటికి మొగులు వట్టింది. పొద్దు ఉండంగనే తొవ్వంత బొగ్గుపొడి చల్లినట్టు మసకయింది. పని దిగి, కర్ర చేతవట్టుకొని పాత బాయి కాడికి వచ్చేసరికి, గోడకు ఆనుకొని మేస్త్రి నిలవడి ఉన్నడు. ఆ గోడకే పాను ఉమిసిండు.

"కట్టె పట్టుకొని తిరుగుతున్నవట? మొగనిదట? సచ్చినోడు నిన్ను కాస్తడా?" అని వచ్చి ముంజేయి పట్టుకున్నడు. రెండు గాజులు పటపట పలిగినయి.

ఆమె ఏం చెయ్యలే. నిజంగ చెయ్యలే, కర్రే లేసింది. మొదటి దెబ్బకు గొడుగు ఎగిరి పడ్డది. రెండోది మోకాలి చిప్ప మీద. మేస్త్రి బొక్కబోర్ల పడి "అవ్వా" అన్నడు. మూడోది నెత్తి మీదికి లేసింది. బాలలక్ష్మి ఎడమకాలి మడిమె నేల ఇడిసింది. తన చేతుల మీద ఇంకో రెండు చేతుల బరువు తెలిసింది. గరుకు మొరటు చేతులు. అవి ఆమెకు తెలిసిన చేతులే.

"వద్దు" అన్నది. కర్ర ఆగలే. "ఏమయ్యా, వద్దయ్యా, నీకు దండం పెడ్త" అన్నది, ఇంట్ల ఎప్పుడూ పిలిచినట్టే. వినలే. మేస్త్రి నెత్తి మీద చేతులడ్డం పెట్టుకున్నడు. ఆమె కండ్లల్ల జేలు మెదిలింది, గోడ పట్టుకొని కూసున్న రామవ్వ మెదిలింది. గప్పుడు ఆమె నోట్లెకెళ్లి రెండేండ్లసంది కొంగు కుక్కుకున్న మాట ఎల్లింది.

"రాయమల్లూ!"

కర్ర ఆగింది. మేస్త్రి నెత్తికి సరిగ్గ జానెడు దూరంల.

ఆ వెంటనే గోడ లోపలికెళ్లి, చానా కిందికెళ్లి ఒక గొంతు "ఓ" అని పలికింది. పిలిస్తె పలికినట్టే, అన్నం తిననీకి పిలిస్తె అవతలి అర్రకెళ్లి పలికినట్టు. మేస్త్రి సుత విన్నడు. గోడ దిక్కు చూసిండు, ఆమె దిక్కు చూసిండు, కుంటుకుంట పడుకుంట లేసుకుంట ఉరికిండు. మళ్ల ఆ తొవ్వల వాని గొడుగు కనవడలే. పని ఇడిసి ఆసిఫాబాద్ దిక్కు పోయిండని తర్వాత అనుకున్నరు.

బాలలక్ష్మి గోడకు చెవు పెట్టింది. ఇంకోసారి పలుకలే. చేతిల కర్ర సల్లవడ్డది, ఏ చెట్టు కట్టెనో అన్నట్టు ఉత్తగ ఉన్నది. ఆయన పిలుపు కోసమే ఉన్నడని గప్పుడు సమజైంది ఆమెకు. అందరు పిలిచిండ్రు, పిలువాల్సినామె పిలువలే. గా పిలుపు వినకుండ ఎట్ల పోతడు?

ఆ రాత్రే అత్తకు, ఉస్తాదుకు జరిగిందంత చెప్పింది. తెల్లారి ఆ గోడ ముందటనే ఉస్తాదు నాలుగు కట్టెలు పేర్చిండు. ఎర్రదారం కర్రను మీద పెట్టిండు. నిప్పు రామవ్వ పెట్టింది. కోడలి చెయ్యి పట్టుకొని మిగిలిన గాజులు ఒక్కొక్కటి తానే తీసింది, పలుగకొట్టలే. "పిలువు బిడ్డా, ఇగ నిన్ను ఎవ్వలేమనరు" అన్నది. బాలలక్ష్మి పిలిచింది. రాయమల్లూ, రాయమల్లూ అని, సైరన్ కూసేదాక పిలిచింది. లోపలికెళ్లి ఏ సప్పుడు రాలే.

వారం తర్వాత వాకిట్ల కొత్త కర్ర పట్టుకున్నది. పచ్చివాసన పోలే దానికింకా. తెలిసిన వరుసలన్ని పోయినయి, మొదటి అడుగు సుత తప్పు పడుతున్నది. ఉస్తాదు ఎదురుంగ నిలవడి "కొట్టు" అన్నడు. కొట్టింది. ఆయన చెవుకు జానెడు దూరంల కర్ర ఆగింది.

"శెభాష్!" అన్నడు ఉస్తాదు.

బాలలక్ష్మి తన ఎడమకాలు దిక్కు చూసుకున్నది. మడిమె నేల మీదనే ఉన్నది. కర్ర కింద పెట్టి, వాకిట్ల కూలవడి, రెండేండ్లల్ల మొదటిసారి గొంతెత్తి ఏడ్సింది.