కింది గాజు

ధ్రువం దగ్గర మంచు నల్లబడుతోందని మర్నాడు ఢిల్లీ సభలో నేను చెప్పాలి. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది. కాస్త నల్లబడిందా, వేడిని మింగి కరుగుతుంది, కరిగినకొద్దీ ఇంకా నల్లబడుతుంది. ఆ వేగం అందరూ అనుకున్నదానికంటే ఎక్కువని నా కొలతలు చెబుతున్నాయి. రెండు వేసవులు ఆ చలిలో పడి చచ్చి తెచ్చిన కొలతలు. నా ఉద్యోగం నిలబడేదీ వాటి మీదే.

గన్నవరం విమానానికి వెళ్తూ ఆటోనగర్‌లో ఆగాను. మా బాబాయి హనుమయ్య తన షెడ్డులో నేను కొలతలు తీసిన పరికరానికి స్టాండు బిగిస్తున్నాడు. పోయిన ఏడాదీ ఆయనే బిగించాడు. దానికి రెండు గాజు బుడిపెలు. పైది వచ్చే ఎండను కొలుస్తుంది, కిందిది మంచు తిప్పికొట్టిన వెలుగును.

"చూశావా మనోజ్ఞా, ఉత్తరధ్రువం పోయొచ్చినా స్వామి సింధూరం చెక్కు చెదర్లా," అన్నాడు మురిసిపోతూ.

వంగి చూశాను. కింది గాజు మీద ఆంజనేయస్వామి గుడి సింధూరం, నూనెతో కలిపింది, రూపాయి బిళ్ళంత.

"ఎప్పుడు పెట్టావ్?"

"పోయినేడు పంపేముందు. పైన పెడితే మీ సార్లు ఏవన్నా అంటారని కింద పెట్టా. బొట్టు పెట్టకుండా ఏ బండినీ షెడ్డు దాటనివ్వను కదమ్మా."

మొదటి వేసవి బొట్టు లేదు, రెండో వేసవి ఉంది. పైగాజును రోజూ తుడిచాం గానీ, కిందికి వంగి చూసిన పాపాన పోలేదు ఒక్కరమూ. అయినా కోపం ఆయన మీదే వచ్చింది.

"నీ భక్తి తగలెయ్య, నా కొంప ముంచావ్ కదా బాబాయ్. మంచు నల్లబడిందో, నీ బొట్టు అడ్డమొచ్చిందో ఇప్పుడెవరు చెప్పాలి?"

ఆయన మొహం పాలిపోయింది. నాకు ఒక్క దారి తోచింది. బొట్టు ఉండగానే తెల్ల అట్ట మీద ఎండలో ఒకసారి కొలిచి, తుడిచి మళ్ళీ కొలిస్తే తేడా తెలుస్తుంది, దాన్ని లెక్కలో సరిచెయ్యొచ్చు. ల్యాప్‌టాప్ కోసం కారు దగ్గరికి పరుగెత్తాను. ఆయనకు ఒక్క ముక్క చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి బాబాయి కిరసనాయిలు గుడ్డ పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. కింది గాజు తళతళలాడుతోంది.

"మరక్కూడా లేకుండా తీసేశానమ్మా. ఇంక సరిగ్గా చూపిస్తుంది."

బొట్టుతో కొలిచి తేడా చూసే దారీ పోయింది. ఆ వేసవి మంచు ఎప్పుడో నీళ్ళయిపోయింది, మళ్ళీ కొలిచే వీల్లేదు. మా డైరెక్టర్‌గారికి ఫోన్ చేశాను.

"సార్, రేపు నేను మాట్లాడను. మంచు ఎంత నల్లబడిందో నాకు తెలీదండీ."