మూడు కట్టెల మంట

నా భార్య మార్తమ్మ చనిపోయిన తర్వాత వంట నా చేతికి వచ్చింది. ఎసట్లో నూకలు వేస్తే పొంగేవి, పిండి పోస్తే అడుగంటేది. మా పాప రత్నమణికి ఆరేళ్లు. సంగటి ముద్దను వాసన చూసి పళ్లెం పక్కకు జరిపేది. ఏడ్చేది కాదు.

మార్తమ్మ అక్క వరమ్మ నందికొట్కూరు నుంచి వచ్చింది. పాప మణికట్టు పట్టుకుని చూసింది.

"ఏమప్పా అయివారూ, బడిలో పిల్లోళ్లకు లెక్కలు చెప్తావు, పొయ్యిలో కట్టెలు లెక్కపెట్టుకోలేవా? పిల్ల ఎండిపోతాండాది. ఆదివారం గుడిలో ప్రార్థన అయినంక నాతో తీసకపోతా."

"తింటుంది వదినా."

"ఏం తింటాది, మాడు తింటాదా?"

మరునాడు సాయంత్రం వరమ్మ పాస్టరు గారింటికి వెళ్లింది. నేను మూడు కట్టెలు పెట్టి పొయ్యి వెలిగించాను. పాప గడపలో నా వైపు వీపు పెట్టి చింతగింజలతో ఆడుకుంటోంది. ఉడికిన నూకల మీద జొన్నపిండి పోశాను.

"నాయనా, రెండు కట్టెలు తియ్. ఇంగ ఒక్కటి చాలు."

పాప వెనక్కి తిరగలేదు. నేను కట్టెలు లాగాను.

"నీళ్లు సల్లు."

లాగిన కట్టెల కొనల మీద నీళ్లు చల్లడం మార్తమ్మ అలవాటు. బొగ్గు మిగులుతుందని.

"నీకెవరు చెప్పినారు?"

"అమ్మ. నీ పక్కనే ఉండాది కదా."

పక్కన ఎవరూ లేరు. పొయ్యికి ఎదురుగా కూర్చున్నా, సెగ నా కుడి భుజానికే తగులుతోంది. ఎడమ భుజం చల్లగా ఉంది.

ఆ పూట పాప ముద్దంతా తిన్నది.

తర్వాత రోజుల్లో మిగతావీ చెప్పింది, అన్నీ నా వైపు వీపు పెట్టే. రొట్టెకు మూడు కట్టెలూ మండాలి. పాలకు మంట వద్దు, నిప్పులు చాలు. ఆదివారం వరమ్మ సంగటి తుంచి నోట్లో పెట్టుకుని, కాసేపు నమలడం ఆపింది.

"మా మార్తి చేతి మాదిరే ఉండాది," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. బస్సుకు ఒక్కతే పోయింది.

ఆ తర్వాత పాప ఏమీ చెప్పలేదు. వేళకు కట్టెలు నేనే తీస్తున్నాను. సెగ రెండు భుజాలకూ తగులుతోంది.

కొన్నాళ్లు ఓర్చుకున్నాను. ఒక సాయంత్రం పిండి పోసి, మూడు కట్టెలూ అలాగే మండనిచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మాడు వాసన మొదలైంది.

"రత్నమణీ, ఇప్పుడేం చేయాల?"

పాప గడపలోనే లేచి నిలబడి నా వైపు తిరిగింది. రెండు గుప్పిళ్లలోనూ చింతగింజలు.

"నీకు వచ్చింది కదా నాయనా. ఊరికే పిలవద్దు అంటాంది అమ్మ."

పొయ్యి వైపు చూశాను. రెండు కట్టెలు బయటికి లాగి ఉన్నాయి. కొనలు తడిగా ఉండి పొగలు వస్తున్నాయి. నీళ్ల చెంబు నా ఎడమ వైపుకు జరిగి ఉంది.

సంగటి దించి, మాడింది వదిలేసి, పైన ఉన్నది ముద్ద చేసి పాపకు పెట్టాను. కట్టెలు మరిచిపోయినట్టు మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు.