తర్వాతి లంకె

వెల్డింగు చేసేవాడి కన్ను ఎర్రబడితే డాక్టరు గుర్తుకు రాడు, షాపు గోడకున్న అలమర గుర్తొస్తుంది. అందులో ఓ చుక్కల సీసా ఉంటుంది. ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో ఎవరూ అడగరు. మంట పుట్టిన ప్రతివాడూ తల వెనక్కి వాల్చి రెండు చుక్కలు వేసుకుంటాడు. తెల్లారేసరికి ఇసుక పోసినట్టున్న కన్ను చల్లబడుతుంది.

ఆ షాపు మేస్త్రి కూడా తన కన్ను ఎర్రబడితే వెల్డింగు వెలుగు దెబ్బే అనుకుని వేసుకున్నాడు. మొదట హాయిగానే ఉంది. తర్వాత ఎరుపు తగ్గినట్టే తగ్గి చూపు మీద పొగ కమ్మింది. అప్పుడూ చుక్కలే వేశాడు, ఇంకాస్త ఎక్కువ వేశాడు. పాడైంది కుడికన్ను. కరిగే ఇనుము అంచును పట్టి చూసేది ఆ కన్నే. ఎడమది పెళ్లికి తోడొచ్చిన చుట్టంలాంటిది, ఉందంటే ఉంది.

చివరికి భార్య రెక్క పట్టుకుని కంటి డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది. ఆవిడ కంట్లో రంగుచుక్క వేసి, నీలం వెలుగులో చూసి, పెదవి విరిచింది.

"ఇది వెలుగు దెబ్బ కాదు మేస్త్రీ. వైరస్. నల్లగుడ్డు మీద కొమ్మలు చీలినట్టు పుండు పడింది. ఏం వేశారు?"

మేస్త్రి జేబులోంచి సీసా తీశాడు.

"బాగుంది! ఇది వాపును అణిచే మందు. వాపంటే ఏమిటి, ఒంట్లో కాపలావాళ్లు పరిగెత్తుకొచ్చి చేసే గోల. మీరు వాళ్ల నోరు కట్టేశారు. ఇక దొంగకి అడ్డెవరు?"

"నేను చెప్తే వింటేగా డాక్టరమ్మా," అంది భార్య వెనకనుంచి. "ఆ సీసా మాటే వేదం ఈయనకి."

స్టూలు మీద మేస్త్రి మోకాలు కుట్టుమిషన్‌లా ఊగుతోంది. "చంపేసే మందేదో ఇచ్చెయ్యండమ్మా. బాయిలర్ పైపు అతుకు పెట్టాలి. ఈ కన్ను పోతే నా చెయ్యీ పోయినట్టే."

"చంపడానికి అది సరిగ్గా బతికున్నదీ కాదు. దానికి షాపు లేదు, రాడ్డు లేదు, కరెంటు లేదు. ఉన్నదల్లా ఒక డ్రాయింగు. మీ కంటి కణంలో దూరి ఆ డ్రాయింగు పెడుతుంది. లోపల పనివాళ్లు ఎవడిచ్చాడని అడగరు. మీ సరుకుతోనే దాని కాపీలు చేస్తూ పోతారు. నిండాక ఆ కణం చితికిపోతుంది. పుట్టినవి పక్క కణాల మీద పడతాయి."

మేస్త్రికి ఒళ్లు మండింది. "అంటే నా షాపులో కూర్చుని, నా రాడ్డే కాల్చి..."

"పైగా మీకే ఎసరు పెడుతుంది."

"మరి మందేం చేస్తుంది?"

"డ్రాయింగుకి కాపీ తియ్యాలంటే గొలుసులా లంకె వెనక లంకె వెయ్యాలి. ఈ మందు ఒక నకిలీ లంకె. చూడ్డానికి అసలుదానిలాగే ఉంటుంది, గొలుసులో ఇమిడిపోతుంది. కానీ అవతలి వైపు పట్టు ఉండదు. తర్వాతి లంకె పడదు. గొలుసు అక్కడికి సరి."

మేస్త్రి మోకాలు ఆగింది. "మరి నా మంచి కణాల గొలుసులో పడితే?"

"ఈ లంకె లోపలికి పచ్చిగానే వెళ్తుంది. దానికి సాన పట్టే పనిముట్టు వైరస్ దగ్గరుంది. అందుకే అది ఉన్నచోటే ఇది పదునెక్కుతుంది. తన గొయ్యి తవ్వే పలుగు తనే తెచ్చుకుంటుంది." ఆవిడ చిన్న ట్యూబు రాసిచ్చింది. "వేళ తప్పకుండా పెట్టుకోవాలి. ఇది కొత్తవి పుట్టకుండా ఆపుతుంది, అంతే. మిగతా ఊడ్పు మీ ఒంటిది. సందిస్తే మళ్లీ మొదలు. నొప్పి పోయిందని మాత్రం నమ్మకండి. ఈ జబ్బు కంటి స్పర్శనే మింగుతుంది."

ఇంట్లో మేస్త్రి కాలుగాలిన పిల్లి అయ్యాడు. కూర్చుంటే లేస్తాడు, లేస్తే కూర్చుంటాడు. ఎడమకన్ను మూసి కిటికీ ఊచలు చూస్తాడు, గిన్నెల అంచులు చూస్తాడు, భార్య మొహం చూస్తాడు.

"ఏం చూస్తున్నారు, పెళ్లిచూపులా?"

"నీ ముక్కు రెండుగా ఉంది."

"ఒకటి ఉన్నప్పుడే నచ్చలేదు మీ అమ్మకి."

మందు పెట్టిన ప్రతిసారీ మసకే. తగ్గిన మసకో ముదిరిన మసకో తేలదు. లోపల గొలుసు ఆగిందో సాగుతోందో చెవి పెట్టి వినేందుకు లేదాయె. అదే అతన్ని తినేస్తోంది.

ఓ పొద్దున నొప్పి మాయమైంది. సరిగ్గా అప్పుడే షాపులో తన కింద పనిచేసే బామ్మర్ది దిగాడు.

"బావా, పైపువాళ్లు వచ్చి కూర్చున్నారు. ఒక్క అతుకు. నేనేస్తానంటే నమ్మట్లేదు. నొప్పి లేదుగా?"

"లేదురా!"

భార్య అరుపు గుమ్మం దగ్గరే ఉండిపోయింది. షాపులో పైపు మూతిని గ్రైండరుతో సాన పడుతుంటే రవ్వలు లేచాయి. మేస్త్రి హోల్డరుకి రాడ్డు తగిలించి, మొహం మీదికి ముసుగు అద్దం దించబోయాడు.

"బావా, ఆగు. కంట్లో నలుసు పడిందే!"

"ఎక్కడ?"

"కుడి కంట్లో. నల్లగుడ్డు మీదే కూర్చుంది. తెలియట్లేదా?"

తెలియట్లేదు. ఇన్నేళ్లలో పడిన ప్రతి నలుసుకీ గంతులేసిన మనిషి. ఇప్పుడు ఇనుప నలుసు కంట్లో కూర్చుంటే గోడకి తగిలినట్టుంది. నొప్పి మానలేదు, నొప్పి తెలిసేదే చచ్చింది. మేస్త్రి హోల్డరు బామ్మర్ది చేతిలో పెట్టి, రెప్ప కూడా కదల్చకుండా వీధిలోకి నడిచాడు.

డాక్టరమ్మ నలుసు తీసింది, తిట్టింది, మళ్లీ నీలం వెలుగు వేసింది.

"కొమ్మ కురచబడింది. కొత్త చీలికలు లేవు. మందు పట్టింది."

"ఇంక పోయినట్టేనా?"

"పుండు మానుతుంది, అంచున ఓ మచ్చ మిగలొచ్చు. వైరస్ మాత్రం పోదు. నరం మొదట్లో ముడుచుకుని పడుకుంటుంది. ఎప్పుడో జ్వరమో, ఎండ దెబ్బో తగిలితే లేవొచ్చు. లేచిన రోజు చుక్కల కోసం వెతక్కుండా నా దగ్గరికి రండి."

షాపుకి తిరిగొచ్చేసరికి లోపల బామ్మర్ది అతుకు వేస్తున్న వెలుగు కొడుతోంది. మేస్త్రి బయట వీపు తిప్పి నిలబడ్డాడు. మెడ వెనక్కి తిరుగుతానంటోంది. పిడికిళ్లు బిగించి చెవి పెట్టాడు. నూనెలో వేపుడులా సాగే చప్పుడు మధ్యలో చిటపటమని తెగింది.

"ఒరేయ్, రాడ్డు ఎత్తేస్తున్నావ్! దగ్గరికి దించు!"

"చూడకుండానే ఎలా తెలిసింది బావా?"

"నోరు మూసి దించరా!"

చప్పుడు మళ్లీ కుదిరింది. పూర్తయ్యేదాకా మేస్త్రి ఒక కాలు మీదినుంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటూ, వీధికేసే చూస్తూ నిలబడ్డాడు.