దేవుడి గూడు

దేవుడి ముందు నిలబడితే వచ్చే కన్నీళ్ళు భక్తివేనా? నాలుగేళ్ళుగా ఈ అనుమానాన్ని నాలోనే మోశాను. పొద్దున్నే మా చిన్న పూజగదిలోకి వెళ్ళి, గూటి తలుపులు తీసి దుమ్ము తుడవడం మొదలుపెట్టగానే కళ్ళు మండి నీళ్ళు ధారగా కారేవి. "భక్తంటే మా చిన్నకోడలిదే" అని అత్తయ్య వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. వంటింటి అలమర సర్దుతూ అవే కన్నీళ్ళు తుడుచుకుంటే మాత్రం, పనంటే చాలు ఏడుపు దీనికి, అనేవారు. స్వామీ, నేను ఏడుస్తున్నది నీకోసం కాదేమో, క్షమించు అని మనసులోనే చెప్పుకునేదాన్ని.

గూడూ అలమరా మా ఆయన చేసినవే. చెక్కపొట్టునీ జిగురునీ కలిపి, వేడిగా అదిమి పలకలు చేసే ఫ్యాక్టరీలో ఆయన పని. అక్కడ పనికిరావని పక్కన పడేసిన పలకలు తెచ్చి, సెలవురోజున కూర్చుని ప్రేమగా చేశారు. అందుకే ఆ పలకల ఘాటు వాసన సంగతి ఒక్కసారే అన్నాను. రోజంతా పలకలదిమే ప్రెస్సు దగ్గర నిలబడే నాకే ఏం లేదు, తుడిచే నీకేంటి అన్నారు. నిజమే అనుకున్నాను. ఆయన కళ్ళూ ఎర్రగానే ఉంటాయని అప్పుడు తోచలేదు.

ఆ ఫ్యాక్టరీ ల్యాబులోనే మా తోటికోడలు పనిచేస్తుంది. అక్కా అంటాను. ఇప్పుడు పక్క వీధిలో ఉంటోంది కానీ, మా పాప పుట్టిన కొత్తలో అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఒకరోజు నన్ను గదిలోకి తోసి, "పడుకో. ఎవరైనా అడిగితే నేను చెప్తా. అప్పనుకో, తర్వాత తీరుద్దువుగాని" అని నా పనంతా తనే చేసింది. తొమ్మిదేళ్ళయినా ఆ మధ్యాహ్నపు నిద్ర నాకు గుర్తే.

మొన్న తను వచ్చినప్పుడు నా అనుమానం చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. గూటి వెనక నుంచి అరచేయంత ముక్క కోయించి పట్టుకెళ్ళింది. దాన్ని మూత బిగించిన జాడీలో నీళ్ళకి తగలకుండా పైన ఒక రోజంతా వేలాడదీస్తారట. జిగురులోంచి వచ్చే, కళ్ళు మండించే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నీళ్ళలోకి దిగితే, ఆ నీళ్ళని పరీక్షిస్తారట.

మూడోరోజు డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. "ఉండాల్సిందానికి నాలుగింతలుంది. నీ భక్తికేం లోటు లేదే పిచ్చిదానా, సరిగ్గా ఉడకనిది ఆ పలకల్లోని జిగురు."

మా ఆయన స్క్రూలు ఊడదీసి, గూడునీ అలమరనీ ఒక్కడే పెరట్లోకి మోసుకెళ్ళారు. చాలాసేపు ముఖం కడుక్కుని వచ్చి, రేపు ప్రెస్సు దగ్గర గాలిని బయటికి పంపే ఫ్యాను సంగతి అడుగుతానన్నారు.

మర్నాడు కిటికీ తెరిచి, స్వామి పటాన్ని ఇనుప స్టూలు మీద పెట్టి నిలబడ్డాను. కన్నీళ్ళు రాలేదు. అయితే నాకు భక్తే లేదా అనుకున్నాను. తలెత్తి చూస్తే స్వామి ముఖం మసకలేకుండా, ఎంత దగ్గరగా ఉందో! చేతులు వాటంతటవే జోడయ్యాయి.

ఆదివారం అక్క ల్యాబులో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెద్దకోడలు వచ్చిందిగా, గిన్నెలు తనే తోమేస్తుందిలే అన్నారు అత్తయ్య. అక్క అప్పటికే కొంగు దోపేసింది. తన చేతిలోంచి గిన్నె తీసుకుని, కిటికీ కింద చాప పరిచాను.

"పడుకో అక్కా. ఎవరైనా అడిగితే నేను చెప్తా."