చూడని సముద్రం

మధ్యాహ్నం రెండున్నరకు భోజనం ముగించుకొని వచ్చిన ఎస్సై, ముష్తాక్‌ను లోపలికి పిలిచాడు. పొద్దున పదింటి నుంచి స్టేషన్ వరండాలో చెక్కబల్ల మీద కూర్చున్న ముష్తాక్ లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. అరవై రెండేళ్ల మనిషి. నలభై ఏళ్లు లక్క గాజుల బట్టీ ముందు పనిచేసిన చేతులు. కాలి కాలి చేతివేళ్ల కొసలు నున్నగా అయిపోయి, రేషన్ దుకాణంలో మిషన్ ఆయన వేలిముద్రను ఎప్పుడూ ఒక్కసారికి ఒప్పుకోదు.

"పేరు చివర ఈ బలోచ్ ఏంది?" అన్నాడు ఎస్సై.

"మా ఖాందాన్ పేరు సార్. మా దాదా, అంటే తాత, మక్రాన్ దిక్కు నుంచి వచ్చి నిజాం ఫౌజుల సిపాయిగ చేసిండు. ఫౌజు పోయినంక గాజుల బట్టీల వడ్డడు. నేను పుట్టింది, పెరిగింది హుస్సేనీ ఆలంల."

"మక్రాన్ అంటే ఇప్పుడు యాడికొస్తది?"

"పాకిస్తాన్‌లకు వస్తది సార్. ఆయన వచ్చిననాడు పాకిస్తాన్ లేదు."

ఎస్సై ఒక కాగితం ముందుకు జరుపుకున్నాడు. "నీ మీద దరఖాస్తు వచ్చింది. కవిత్వాలు చెప్పి కూలోళ్లను రెచ్చగొడ్తున్నవట. నీ ప్రేమంతా పక్క దేశం మీదనేనట. ఇగో, ఇది నీదే గద?" అని చదివాడు.

"నేను చూడని సముద్రమొకటి
మా తాత కండ్లల్ల ఎండిపోయింది
దాని ఉప్పు నా చెమటల ఉన్నది."

"ఆ సముద్రం ఏ దేశంల ఉన్నట్టు?" అని అడిగాడు ఎస్సై.

పోలీసులు తన కవిత్వం చదవడం ముష్తాక్‌కు కొత్త కాదు. వయసులో ఉన్నప్పుడు సమ్మె చేయించినందుకు రెండుసార్లు జైలుకు పోయాడు. రెండుసార్లూ ఆయన పాటల్ని కేసు కాగితాల్లో తప్పులతో రాసుకున్నారు. జైల్లో ఆ తప్పులు చదివి నవ్వుకున్నాడు కూడా. ఈ మూడు పాదాల్లో ఒక్క తప్పు లేదు. అందుకే ఆయన ఒళ్లు చల్లబడింది.

ఆ కవిత ఎక్కడా అచ్చు కాలేదు. ఏ ముషాయిరాలోనూ చదవలేదు. పోయిన ఏడాది శివయ్య తల్లి చనిపోయినప్పుడు, పదకొండో రోజు, వాళ్ల గడపలో కూర్చొని ఒక్కసారే చెప్పాడు. ఏడుపు రాక కూర్చున్న స్నేహితుడి కోసం, అతనికి అర్థమయ్యే తెలుగులో చెప్పాడు. విని శివయ్య భోరుమన్నాడు. లోపల గిన్నెలు సర్దుతున్న శివయ్య భార్య నీలమ్మ కూడా పని ఆపి విన్నది. అంతే. ఇంట్లో తన భార్య ఖుద్సియాకు కూడా అది తెలియదు.

"పిలిచినప్పుడల్లా రావాలె" అని చెప్పి ఎస్సై పంపించాడు.

బయట ఎండ మండిపోతోంది. ముష్తాక్ ఆటో ఎక్కలేదు. నడిచాడు.

శివయ్య, ముష్తాక్ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ముష్తాక్‌కు తెలుగు అక్షరాలు వచ్చింది శివయ్య పలక మీదే. కర్ఫ్యూ రోజుల్లో శివయ్య ఇంటిల్లిపాదినీ ముష్తాక్ తల్లి మూడు రోజులు తన ఇంట్లో దాచింది. లాఠీ దెబ్బకు శివయ్య చెయ్యి విరిగిననాడు ముష్తాక్ అతన్ని వీపున వేసుకొని ఆస్పత్రికి మోసుకుపోయాడు. ముప్ఫై ఏళ్ల కింద లక్క గాజుల కార్మికుల సంఘం పెట్టింది వాళ్లిద్దరే. పాట ముష్తాక్‌ది, నినాదం శివయ్యది.

ఇప్పుడు సమ్మెకు పదకొండో రోజు. డజను జతలకు రాళ్లు పొదిగితే ఆడవాళ్లకు ముట్టేది డెబ్బై రూపాయలు. ఆరేళ్లుగా అంతే. దుకాణంలో ఒక్క జతే మూడు వందలకు పోతుంది. నూటపది చేయాలని సంఘం అడిగింది. దబీర్‌పురా నుంచి కూడా ఆడవాళ్లు పని ఆపేసి వచ్చారు. పెళ్లిళ్ల కాలం. హోల్‌సేల్ సేటు గోదాము ఖాళీ అవుతోంది. ఇంకో వారం నిలబడితే దిగివస్తాడని అందరికీ నమ్మకం.

సంఘం గదిలో శివయ్య ఒక్కడే ఉన్నాడు. ముష్తాక్‌ను చూడగానే లేచి కూలర్ ఆయన వైపు తిప్పాడు.

"ఏమన్నరు భాయ్?"

ముష్తాక్ కూర్చోలేదు. ఆ మూడు పాదాలూ చెప్పి, "ఇదే చదివిండ్రు" అన్నాడు.

శివయ్య కూలర్ మీది నుంచి చెయ్యి తియ్యలేదు. "గింత దూరం వోతదనుకోలె" అన్నాడు. "ఉట్టిగ బెదిరిస్తమన్నరు. నీ గురించి ఏమన్న చెప్పమని సేటు మనిషి అడిగిండు. నోట్లకెళ్లి వచ్చింది, చెప్పిన."

"నోట్లకెళ్లి వచ్చిందా శివన్నా? అక్షరం పొల్లుపోకుండ?"

"మా కొడుకు ఎల్లేష్‌కు ముప్ఫై నాలుగేండ్లు. ఇద్దరు పిల్లలు. ఇంక బట్టీలనే కాలవెట్టాల్నా వాణ్ని? గోదాముల సూపర్‌వైజర్ పని ఇస్తమన్నరు. నువ్వు కవివి. జైలుకు వోతే నీకు పేరొస్తది. నాకేమొస్తది?"

ముష్తాక్‌కు ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ముప్ఫై ఏళ్లు ఈ మనిషి మనసులో ఈ లెక్క ఉన్నదా అనుకున్నాడు.

"రేపటి మీటింగుకు నువ్వు రాకు" అన్నాడు శివయ్య నేల చూస్తూ. "ఎనభైకి ఒప్పుకుంటున్నరు. అందరు సంతకాలు పెడ్తరు. నీ మీద దరఖాస్తు వాపస్ తీస్కుంటరు. నా పేరు బయట వెడ్తవా, పెట్టు. కని ముస్లిం పేరోడు ఒకడు హిందూ పేరోణ్ని పట్టుకొని దగాబాజ్ అంటే రేపు గల్లీల ఏం లొల్లయితదో నీకెర్కనే. సంఘం రెండు తునకలైతది. సేటుకు గావాల్సింది గూడ గదే."

శివయ్య చెప్పింది నిజం. అందుకే అది మరింత నీచంగా అనిపించింది ముష్తాక్‌కు. తన మంచితనాన్ని తన మెడకే కట్టి లాగుతున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఖుద్సియా తలుపులో నిలబడి ఉంది. చెప్పిందంతా విని, "బోల్ దేవ్ సబ్‌కు" అన్నది. అందరికీ చెప్పెయ్యమని. ముష్తాక్ తల అడ్డంగా ఊపాడు. "నక్కో, ఖుద్సియా." ఆమె పెట్టె తెరిచి పాత కాగితాలన్నీ, తాత ఫౌజు కాగితంతో సహా, మంచం మీద పరచసాగింది. పోలీసులు మళ్లీ పిలిస్తే చూపించడానికి ఏది పనికొస్తుందో ఆమెకు తెలియలేదు. ఆయనకూ తెలియలేదు.

మర్నాడు పొద్దున రేకుల షెడ్డు కింద అరవై మంది దాకా చేరారు. బురఖాల ఆడవాళ్లూ, చీరల ఆడవాళ్లూ అలవాటు ప్రకారం కలిసే కూర్చున్నారు. శివయ్య కాగితం చదువుతున్నాడు. డజనుకు ఎనభై. ఏడాదిపాటు సంఘం పేరుతో ఎవరూ పని ఆపకూడదు. అప్పుడే ముష్తాక్ లోపలికి వచ్చాడు. శివయ్య చదవడం ఆపాడు.

"ఒక్క ముచ్చట చెప్పి కూసుంట" అన్నాడు ముష్తాక్. "నా మీద టేషన్ల దరఖాస్తు వడ్డది. నేను ఈ దేశపోన్ని కాదట. ఎవరిచ్చిండ్రో నేను అడుగుతలేను, మీరు గూడ అడగొద్దు. నా తోని సమ్మెకు నష్టమైతదనుకుంటే నేను పక్కకు జరుగుత. కని నేనేం తప్పు మాట అన్ననో మీరు వినాలె. నా తాత గురించి మూడే ముక్కలన్న."

ఆ మూడు పాదాలూ చెప్పాడు.

కొందరికి అర్థమైంది, కొందరికి కాలేదు. "గిందుల తప్పేమున్నది?" అని ఎవరో గొణిగారు. ముందు వరసలో ఉన్న నీలమ్మ మాత్రం తల ఎత్తలేదు. రిజిస్టర్‌లో మొదటి పేరు ఆమెది. సంతకం కోసం పెన్ను అప్పటికే ఆమె చేతిలో ఉంది. ఆమె దాన్ని మూసి రిజిస్టర్ మీద పెట్టింది.

"నేను సంతకం వెయ్య" అన్నది.

"నీలా, కూసో. ఇంటికాడ మాట్లాడుదం" అన్నాడు శివయ్య.

"ఇంటికాడ అయ్యేటియి నాకు తెల్వకుంటనే అయితున్నయి. ఈడనే మాట్లాడు." ఆమె లేచి నిలబడింది. "అత్తమ్మ పదకొండో దినం నాడు ముష్తాకన్న మన గడపల కూసొని ఈ ముక్కలు చెప్పిండు. నువ్వు విన్నవు, నేను విన్న. నేనైతే ఎవ్వరికీ చెప్పలె. టేషన్ల కాయితం మీదికి ఎట్ల వోయినయి? ఎల్లేష్‌కు నౌకరి ఎట్లొచ్చింది?"

ముష్తాక్‌కు అర్థమైంది. తను దాచాలనుకున్నది తన నోటి నుంచే బయటపడింది. నీలమ్మ వైపు చూడలేకపోయాడు. ఈ రాత్రి ఆమె ఏ ఇంటికి పోతుందో అనుకున్నాడు.

నీలమ్మ పక్కనున్న మనిషి కూడా లేచింది. తర్వాత వెనక వరసలో ఇద్దరు. కోపంతో లేచారో, ఇంటికి పోవడానికి లేచారో ఇంకా తెలియడం లేదు.

శివయ్య చేతిలో కాగితం అట్లాగే ఉంది. ఏదో అనబోయి, మాట దొరక్క, ముష్తాక్ వైపు చూశాడు. ముప్ఫై ఏళ్లలో ఎన్ని సభల్లోనో మాట తడబడినప్పుడల్లా శివయ్య ఇట్లాగే చూసేవాడు. ముష్తాక్ ఏదో ఒక మాట అందించేవాడు. దాన్ని పట్టుకొని శివయ్య గొంతెత్తేవాడు.

ఇవాళ కూడా ఒక మాట ముష్తాక్ నాలుక మీదికి వచ్చింది.

ఆయన దాన్ని ఇవ్వలేదు.